వజ్రవర్తకుడు టావెర్నియరు

గోలకొండ అను పేరు లోకమున వజ్రములకు మాఱుపేరుగా నిలిచినది. కాని గోలకొండ దుర్గము వెలసిన కొండ వజ్రములు పుట్టిన తావు కాదు. అది కఠినమైన గ్రానైటు శిల. కోటకు పడమటి దిక్కున, నేడు నల్లగండ్ల, గచ్చిబౌలి మున్నగు పేటలు పెరిగిన చోట్లను సైతము అట్టి బండలే ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచి కనిపించును. అట్టి శిలలో వజ్రములు దొరకవు. గోలకొండ వజ్రములకు అంగడి మాత్రమే. గనులు అచ్చటికి కొన్ని దినముల ప్రయాణదూరమున, కర్నూలు సీమలోను, కృష్ణానది యొడ్డునను ఉండెను.

ఆ గనులలో జనులు ఎట్లు త్రవ్విరి, వారికి కూలి యెంత ముట్టెను, రాళ్ళను కొనువా రెవ్వరు, అమ్మువా రెవ్వరు అను విషయములను కన్నులార చూచి విపులముగా వ్రాసినవారు మిక్కిలి కొలదిమంది. వారిలో ముఖ్యుడు ఒక విదేశీయ వర్తకుడు. అతడు పండితుడు కాడు, గనుల శాస్త్రము చదివినవాడును కాడు. లాభము కొఱకు వచ్చినవాడు. అయినను మన దేశపు గనుల చరిత్రను పరిశోధించువారు నేటికిని మొట్టమొదట తెఱచి చూచునది అతని గ్రంథమునే. అతని పేరు జీన్ బాప్టిస్టు టావెర్నియరు.

టావెర్నియరు 1605వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిసు నగరమున జన్మించెను. తండ్రి గేబ్రియేలు ఆంట్‌వర్పు పట్టణమునుండి వలస వచ్చినవాడు. వారిది ప్రొటెస్టెంటు మతము. కాథలిక్కు రాజు ఏలుచున్న దేశమున అది అల్పసంఖ్యాకుల మతము. ఈ విషయమును జ్ఞాపక ముంచుకొనవలెను. అతని ముదిమి నాటి కష్టములకు ఇదియే మూలమైనది. గేబ్రియేలు దేశపటముల వ్యాపారము చేయుచుండెను. తండ్రి సోదరుడు మెల్కియోరు పటములు చెక్కుటలో పేరు పొందినవాడు. ఆ యింటికి భూగోళము తెలిసిన విద్వాంసులు తఱచుగా వచ్చి, దూరదేశములను గూర్చి ముచ్చటించుకొనుచుండిరి. బాలుడు ఒక మూల కూర్చుండి ఆ మాటలను చెవులప్పగించి వినుచుండెను. గోడలకు వ్రేలాడుచున్న పటములలోని నదులను, పట్టణములను చూచి చూచి అతనికి వానిని స్వయముగా చూడవలెనను కోరిక పుట్టెను. ఇరువదిరెండేండ్లు వచ్చునప్పటికి అతడు ఇంగ్లండు, జర్మనీ, స్విట్జర్లండు, పోలండు, హంగరీ, ఇటలీ దేశములను చుట్టివచ్చి యుండెను.

ఐరోపాతో అతని కోరిక తీరలేదు. 1630 తరువాత తూర్పు దేశములకు పయనమై, తుర్కుల రాజ్యము మీదుగా పారశీకదేశమునకు పోయి, ఇస్పహాను నగరమును చూచి మరలి వచ్చెను. ఆ మొదటి యాత్రలోనే అతనికి ఒక సంగతి బోధపడెను. దూరప్రయాణమునకు ధనము కావలెను. ధనము కావలెనన్న సరుకు కావలెను. ఒంటెలపైనను, ఎడ్లబండ్లపైనను నెలల తరబడి మోయదగిన సరుకు చిన్నదియు, తేలికయైనదియు, మిక్కిలి విలువ గలదియు కావలెను. రత్నములకు మించి అట్టిది వేఱొకటి లేదు. అతడు ముత్యముల యొక్కయు, వజ్రముల యొక్కయు మంచిచెడ్డలు తెలిసికొని రత్నవర్తకుడయ్యెను.

అది మొదలు 1668 వఱకు అతడు ఆఱు పర్యాయములు తూర్పు దేశములకు యాత్ర చేసెను. 1638లో బయలుదేరిన రెండవ యాత్రలో తొలిసారి హిందూదేశమున అడుగిడెను. ఆనాడు ఉత్తరమున షాజహాను చక్రవర్తి ఏలుచుండెను. దక్షిణమున గోలకొండ సింహాసనముపై అబ్దుల్లా కుతుబ్‌షా కూర్చుండి యుండెను. అప్పటికి బ్రెజిలు దేశపు వజ్రములు ఇంకను బయటపడలేదు. బోర్నియో ద్వీపమున కొలదిగా లభించునవి తప్ప, లోకమునకు వజ్రముల నిచ్చునది మన దేశ మొక్కటియే. అందును గోలకొండ రాజ్యమున దొరకిన రాళ్ళకు సాటి లేదు.

సూరతు రేవు నుండి గోలకొండకు వచ్చు బాటలను, అంచెలను, ఒక్కొక్క మజిలీకి గల దూరమును టావెర్నియరు శ్రద్ధతో గుఱుతు వ్రాసికొనెను. భాగ్యనగరమున మూసీనదిపై కట్టిన వంతెన అతనికి మిక్కిలి నచ్చెను. అది నేడు మనము పురానాపూల్ అని పిలుచు వంతెన. పారిసులోని కొత్తవంతెనకు ఇది అందమున ఏ మాత్రమును తీసిపోదని అతడు మెచ్చుకొనెను. అప్పటికి మక్కామసీదు కట్టడము ముగియలేదు. అందులో అమర్చుటకై తెచ్చిన ఒక మహాశిలను గూర్చి అతడు వ్రాసినాడు. దానిని గనినుండి వేఱుచేయుటకే అయిదేండ్లు పట్టెనట. అయిదాఱువందల మంది ఎడతెగక పని చేసిరట. దానిని లాగి తెచ్చుటకు 1,400 ఎడ్లను కట్టిరట. రాతిపనిని ఇంత శ్రద్ధతో విచారించిన వర్తకులు అరుదు.

ఉక్కును గూర్చియు అతడు విచారించెను. పశ్చిమాసియా దేశములలో చేయు మేలైన కత్తుల యలుగులపై నీటి అలలవంటి చారలు కనిపించును. వానిని డమాస్కసు కత్తులందురు. ఆ చారలు తేలగల ఉక్కు గోలకొండ రాజ్యమునుండి చిన్న రొట్టెలంత ముద్దలుగా పారశీకమునకు పోవుచుండెనని టావెర్నియరు తెలిపినాడు. నిజామాబాదు సీమలోని కోనసముద్రము మున్నగు గ్రామములలో కమ్మరులు మూసలలో ఇట్టి ఉక్కును కరగించి తీయుచుండిరి. 1820 ప్రాంతమున సర్వే శాఖకు చెందిన వైద్యుడు హెన్రీ వాయిసీ ఆ కొలుములను చూచి, ఆ పద్ధతిని వర్ణించెను. నూటయేబది సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట ఈ వైద్యుని వ్రాత ఆ వర్తకుని మాటకు సాక్ష్యమైనది.

టావెర్నియరు అసలు కోరిక గనులను చూడవలెనని. గోలకొండలో వజ్రములు కొన్నచో వాని వెల మధ్యవర్తుల చేతులు మాఱి పెరిగియుండును. గనికే పోయి కొన్నచో లాభము మెండు. కాని ఆ దారి మంచిది కాదనియు, గనుల యొద్దివారు క్రూరులనియు అందఱును అతనిని భయపెట్టిరి. అతడు వెనుదీయక 1645లో బయలుదేరెను. మొదట పోయినది రావల్కొండ అని తాను వ్రాసిన తావునకు. అది గోలకొండకు అయిదు దినముల ప్రయాణము. తాను చూచువఱకు ఏ ఐరోపావాడును ఈ గనులను చూడలేదని అతడు చెప్పుకొన్నాడు గాని, అది సరికాదు. మచిలీపట్టణములోని ఆంగ్లేయ వర్తకుడు విలియం మెథ్వోల్డు అంతకు ఇరువదియేండ్ల ముందే కృష్ణాతీరపు గనిని చూచి వ్రాసియుండెను. తన ఘనతను కొంచెము పెంచి చెప్పుకొనుట టావెర్నియరునకు గల దోషములలో నొకటి.

రావల్కొండ యందు వజ్రములు రాతినెఱ్ఱెలలోని ఇసుకలో నుండును. ఆ నెఱ్ఱెలు కొన్ని వ్రేలెడు వెడల్పు, కొన్ని అందులో సగము. వానిలో చేయి దూరదు. కావున పనివారు కొన వంచిన సన్నని ఇనుపకడ్డీలను దూర్చి ఇసుకను వెలికి లాగి, కడిగి, వెదకుచుండిరి. నెఱ్ఱె ఎచ్చట ముగిసిన అచ్చట బండను ఇనుపగడ్డపారలతో బలముగా కొట్టి పగులగొట్టవలెను. ఆ దెబ్బల యదురునకు లోపలి వజ్రములు కొన్ని బీటలు వాఱుచుండెను. ఆ గని రాళ్ళలో దోషములు ఎక్కువగా నుండుటకు ఇదియే కారణమని టావెర్నియరు కనిపెట్టెను. వజ్రము మిక్కిలి కఠినమైనదే; మఱియొక వజ్రము తప్ప దానిని గీయగల వస్తువు ప్రకృతిలో లేదు. కాని కాఠిన్యము వేఱు, దెబ్బకు ఓర్చుట వేఱు. సాన పట్టువానికి తెలిసిన ఈ భేదమును అతడు గని నోటియొద్ద నిలిచి గ్రహించెను.

అచ్చట అతనికి అన్నిటికంటె వింతగా తోచినది పిల్లల వ్యాపారము. ప్రతి ఉదయము పదియేండ్లు మొదలు పదునాఱేండ్ల లోపు వయసు గల వర్తకుల కుమారులు ఊరి నడుమ నున్న ఒక పెద్ద చెట్టు క్రింద చేరుచుండిరి. ఒక్కొక్కని నడుమున ఒక ప్రక్క వజ్రములను తూచు రాళ్ళ సంచి, మఱియొక ప్రక్క వరహాల సంచి. ఎవడైన వజ్రము తెచ్చినచో దానిని పెద్దబాలుని చేతికిచ్చును. అతడు చూచి ప్రక్కవాని కిచ్చును. అది నోరు మెదపకుండ చేతినుండి చేతికి పోయి, తుదకు మరల పెద్దవానిని చేరును. అప్పుడతడు వెల యడిగి బేరమాడును. ఎక్కువ వెల పెట్టి కొన్నచో ఆ నష్టము అతనిదే. సాయంకాలమున అందఱును కలిసి, కొన్న రాళ్ళను జాతివారీగ వేఱుచేసి పెద్దవర్తకులకు అమ్మి, లాభమును పంచుకొనుచుండిరి. పెద్దబాలునికి ఇతరులకంటె నూటికి పావు వంతు మాత్రము ఎక్కువ వచ్చును. ఎనిమిదవ తరగతి చదువు వయసువారు రత్నముల వెల కట్టుచుండిరన్నమాట!

పెద్దవారి బేరము మఱియు విచిత్రము. అమ్మువాడును కొనువాడును ఎదురెదురుగా కూర్చుందురు. ఒకడు నడికట్టు విప్పి, దాని క్రింద రెండవవాని చేయి పట్టుకొనును. అఱచేయి అంతయు పట్టినచో వేయి. ఒక వ్రేలు పట్టినచో నూఱు. వ్రేలు నడిమి కణుపువఱకు పట్టినచో ఏబది. కొన కణుపు పట్టినచో పది. ఒక్క మాటయైనను లేకుండ, చుట్టు నిలిచిన పదిమందికి వెల తెలియకుండ, వేలకొలది వరహాల బేరము క్షణములో ముగియును. వజ్రములను పరీక్షించుటలోను మనవారి పద్ధతి వేఱు. ఐరోపావారు పగటి వెలుగులో చూచుచుండగా, మనవారు రాత్రివేళ గోడలో చేసిన గూటిలో దీపముంచి, ఆ వెలుగునకు ఎదురుగా రాతిని వ్రేళ్ళ నడుమ పట్టి దాని దోషములను కనిపెట్టుచుండిరి. ఛాయలో నీలిమ ఉన్నదో లేదో తెలియుటకు దట్టమైన ఆకులు గల చెట్టు క్రింద చూచుచుండిరి.

ఒకనాడు చినిగిన బట్టలతో ఒక కోమటి వచ్చి టావెర్నియరు ప్రక్కన కూర్చుండెను. వానిని చూచినవా రెవ్వరును వర్తకుడని యనుకొనరు. వాడు మొదట కొన్ని చిన్న ఉంగరములు చూపెను. టావెర్నియరు వానిని తిరస్కరింపక కొనెను. జనము తొలగిన తరువాత వాడు తలగుడ్డ విప్పి, అందులోని మూట విప్పి, 48½ కారట్ల వజ్రమును బయటికి తీసెను. వేషమును చూచి మనుష్యుని కొలత వేయరాదని టావెర్నియరు తన వ్యాపారములో ఆనాడు నేర్చుకొనెను.

కృష్ణాతీరపు గని గోలకొండకు తూర్పుగా ఏడు దినముల దూరము. దానిని అతడు ‘గని కొల్లూరు’ అని వ్రాసినాడు. అతడు విన్న కథ ప్రకారము, అప్పటికి ఇంచుమించు నూఱేండ్ల క్రిందట ఒక పేదవాడు పైరు విత్తుటకై నేల త్రవ్వుచుండగా కొనదేలిన రాయి యొకటి దొరకెను. అది దాదాపు 25 కారట్ల వజ్రము. వాడు దానిని గోలకొండకు తీసికొనిపోగా, ఆ వార్త నలుదెసల ప్రాకి, ధనికులు వచ్చి త్రవ్వించుట మొదలుపెట్టిరి.

టావెర్నియరు పోయినప్పుడు అచ్చట 60,000 మంది పని చేయుచుండిరని అతడు వ్రాసెను. లెక్కపెట్టి చూచిన సంఖ్య కాదిది, విని వ్రాసినది. అందులో సగమే నిజమైనను, ఆ కాలమున ఎంత పెద్ద పరిశ్రమయో ఊహింపవచ్చును. పురుషులు త్రవ్వుదురు. స్త్రీలు, పిల్లలు మట్టి మోయుదురు. పని ఆరంభించుటకు ముందు త్రవ్వదలచిన చోటికి దగ్గఱగా నేలను చదును చేసి, చుట్టు రెండడుగుల యెత్తున గోడ పెట్టుదురు. గోడ యడుగున నీరు పోవుటకు తూములుంచి మూసివేయుదురు. దేవుని ప్రతిమను నిలిపి పూజించి, అందఱును కలిసి భుజించిన తరువాత గడ్డపార వేయుదురు. పదియడుగులు మొదలు పదునాలుగడుగుల వఱకు త్రవ్వగా నీరు పడును. అంతకు మించి త్రవ్వరు. తీసిన మట్టిని గంపలతో మోసి గోడ లోపల పోసి, గుంతలో ఊరిన నీటినే తెచ్చి దానిపై కుమ్మరింతురు. ఒకటి రెండు దినములు నానిన మట్టి అంబలివలె నగును. అప్పుడు తూములు తెఱతురు. బురద కొట్టుకొనిపోయి ఇసుక మిగులును. అది చాలనిచో మరల నీరు పోసి కడుగుదురు. ఎండలో ఇసుక ఆఱిన పిమ్మట, రైతులు ధాన్యమును చెఱిగినట్లు చేటలతో చెఱుగుదురు. మన్ను గాలికి ఎగిరిపోవును. మిగిలిన గడ్డలను రోకళ్ళతో మెల్లగా నలుగగొట్టి, మఱల చెఱిగి, నేలపై పలుచగా పఱచి, ఒక వైపునుండి అందఱును వంగి చేతులతో వెదకుదురు.

ఇందులో యంత్రమేదియు లేదు. గడ్డపార, గంప, చేట, రోకలి: ఇవి ప్రతి తెలుగు రైతు ఇంట నుండునవే. వడ్లు దంచి చెఱుగు నేర్పే లోకమునకు వజ్రములను అందించినది. టావెర్నియరు ఈ సంగతిని చూచెను గాని, అందులోని విశేషమును అతడు గుర్తించినట్లు లేదు. దినము వెంబడి దినము ఎండలో వంగి వెదకిన ఆ చేతుల సొంతదారుల పేరు ఒక్కటియు అతడు వ్రాయలేదు.

అయినను వారి కూలిని వ్రాసెను. అందుకు మనము కృతజ్ఞులమై యుండవలెను. పనిలో ఆఱితేఱినవానికి సైతము సంవత్సరమునకు మూడు వరహాలే జీతము. ఒక్కొక్క రాయి వందల, వేల వరహాల వెల పలుకుచుండగా దానిని వెదకి తీసినవానికి దక్కునది ఇంతే. అందువలన కొందఱు చిన్న రాళ్ళను దాచుచుండిరి. ఒంటిపై గోచి తప్ప లేనివాడు ఎచ్చట దాచును? మ్రింగువారు కొందఱు. ఒకడు కంటి కొలికిలో దాచి పట్టుబడెను. ఏబదిమంది పనివారికి పండ్రెండు మొదలు పదునైదుగురు కావలివారిని నియమించుటకు కారణమిదియే. పెద్ద రాయి దొరకి, దానిని యజమానునికి అప్పగించినవానికి ఒక తలపాగయు, కొంత ధనమును బహుమానముగా ఇచ్చుచుండిరి. రాజునకు అమ్మకములపై నూటికి రెండు వంతుల సుంకము చెల్లుచుండెను.

1652లో టావెర్నియరు సముద్రమార్గమున మచిలీపట్టణము చేరి, చెన్నపట్టణము మీదుగా కడప సీమలోని గండికోటకు పోయెను. కొన్ని పెద్ద ముత్యములను గోలకొండ సుల్తానునకు అమ్మవలెనని అతని కోరిక. కాని ముందుగా మంత్రియు, సేనానియు నగు మీర్ జుమ్లాకు చూపకుండ సుల్తానునకు ఏ రత్నమును అమ్ముట సాధ్యము కాదు. మీర్ జుమ్లా అప్పుడు పెమ్మసాని నాయకుల నుండి గెలిచిన గండికోటలో నుండెను. పెన్నానది కొండలను చీల్చుకొని పాఱు ఆ లోయ అంచున, దుర్గమమైన ఆ కోటను చూచి టావెర్నియరు అబ్బురపడెను. మీర్ జుమ్లా స్వయముగా వజ్రవ్యాపారి. పారశీకమునుండి వచ్చి, గనులను గుత్తకు తీసికొని, రాజ్యమునకు మంత్రియైనవాడు. అతడు తన గుడారములో కూర్చుండి, కాలివ్రేళ్ళ నడుమ కొన్ని, చేతివ్రేళ్ళ నడుమ కొన్ని జాబులను ఇఱికించుకొని, ఒక్కొక్కదానికి జవాబు వ్రాయించుచుండెను. ఆ పనితనమును టావెర్నియరు వివరముగా వర్ణించెను.

గండికోటలోనే మెయిల్ అను ఫ్రెంచివాడు ఫిరంగులు పోత పోయుటకు కుదిరి యుండెను. అతనికి కావలసిన రాగిని సీమలోని దేవాలయములనుండి విగ్రహములను తెప్పించి సమకూర్చిరి. తక్కినవి కరగినవి గాని, గండికోట గుడిలోని ఆఱు విగ్రహములు మాత్రము ఎంత కాల్చినను కరగలేదట. పూజారులు మంత్రించిరని మీర్ జుమ్లా బెదరించెనట. ఇంతకును ఆ ఫ్రెంచివాడు ఒక్క ఫిరంగినైనను సరిగా పోయలేక, పని విడిచి పోయెను. మంత్రమహిమ మాట ఎట్లున్నను, కొలిమిని గూర్చి లోహశాస్త్రము చెప్పునది వేఱు. రాగి కరగుటకు 1,085 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. పెద్ద విగ్రహమును ముక్కలు చేయక కొలిమిలో పెట్టినచో అంత వేడి లోపలి వఱకు చేరుట కష్టము. పైగా పని తెలియనివాడు పూజారుల మంత్రముపై నెపము పెట్టుట సులభము.

ఈ మీర్ జుమ్లా పిమ్మట గోలకొండను విడిచి మొగలాయీల పక్షమున చేరెను. అప్పుడు కొల్లూరు గనిలో దొరకిన ఒక మహావజ్రమును షాజహానునకు కానుక యిచ్చెను. హోర్టెన్సియో బోర్జియో అను వెనిసువాడు దానిని సాన పట్టుచు, అధికభాగమును పొడి చేసెను. అతనికి కూలి దక్కకపోగా 10,000 రూపాయల జుల్మానా పడెను. 1665 నవంబరు 2వ తేదీన ఔరంగజేబు తన రత్నములను టావెర్నియరునకు చూపించెను. ఆ వజ్రమును అతడు చేతిలో తీసికొని తూచెను. అఱగ్రుడ్డు ఆకారమున నున్న దాని బరువు 319½ రతులు. నెమలి సింహాసనమును సైతము అతడు ఆ దినములలోనే చూచి వర్ణించెను. ఆ మహావజ్రము తరువాత ఏమయ్యెనో నిశ్చయముగా తెలియదు. కోహినూరు అదియే యని కొందఱును, రష్యా రాజుల ఒర్లోవు వజ్రమే అదియని కొందఱును తర్కించుచునే యున్నారు. రతికిని కారటుకును గల సరియైన నిష్పత్తి తెలియకపోవుట ఈ వాదమునకు ముఖ్యకారణము.

1668 డిసెంబరులో టావెర్నియరు ఆఱవ యాత్ర ముగించి ఫ్రాన్సు చేరెను. పదునాల్గవ లూయీ రాజు అతనిని పిలిపించి, అతడు తెచ్చిన వజ్రములను వేయికి పైగా కొనెను. అందులో 112 కారట్లకు కొంచెము మించిన నీలవజ్ర మొకటి యుండెను. అది కొల్లూరు గనిదని పలువురు పరిశోధకుల యభిప్రాయము. 1673లో దానిని మరల సాన పట్టి 67 కారట్లకు తగ్గించిరి. ఫ్రెంచి విప్లవకాలమున, 1792లో, అది దొంగల పాలయ్యెను. పిమ్మట లండనులో వేఱొక ఆకారముతో బయటపడి, హోప్ వజ్రమను పేర ప్రసిద్ధి కెక్కెను. 1958 నుండి 45.52 కారట్ల ఆ రాయి అమెరికా రాజధాని వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో నున్నది.

రాజు టావెర్నియరునకు కులీనపదవి నొసగెను. అతడు 1670లో జెనీవా సరస్సునకు సమీపమున నున్న ఓబోన్ సంస్థానమును కొని, ప్రభువువలె జీవింపసాగెను. 1676లో తన ఆఱు యాత్రల వృత్తాంతమును ప్రకటించెను. భాషలో అతనికి నేర్పు చాలదు. సామ్యూల్ షాపుజో అను రచయిత తోడ్పడెను. గ్రంథము పెక్కు భాషలలోనికి పోయెను. పేరుతో పాటు విమర్శలును వచ్చెను. అతిశయోక్తులు వ్రాసెననియు, విన్నవానిని చూచినట్లు చెప్పెననియు కొందఱు నిందించిరి.

ముసలితనమున అతనికి నెమ్మది లేదు. 1685లో లూయీ రాజు ప్రొటెస్టెంటులకు పూర్వ మొసగిన హక్కులను రద్దు చేసెను. లక్షలమంది దేశము విడిచి పోయిరి. టావెర్నియరు ఓబోన్‌ను అమ్మివేసెను. బ్రాండెన్‌బర్గు ప్రభువు తూర్పుదేశములతో వర్తకము చేయుటకు సంఘ మొకటి నెలకొల్పదలచి అతని సాయము కోరెను గాని, ఆ పని సాగలేదు. ఎనుబది దాటిన వయసున అతడు మరల మూట కట్టుకొని, ఈసారి రష్యా మీదుగా తూర్పునకు బయలుదేరెను. 1689లో మాస్కోలో మరణించెను. రెండువందల సంవత్సరములు ఆ సమాధి యొక్క జాడ ఎవ్వరికిని తెలియలేదు. 19వ శతాబ్దపు చివరి భాగమున మాస్కో నగరములోని పాత ప్రొటెస్టెంటు శ్మశానములో అక్షరములు చెరిగిన రాయి యొకటి కనబడగా అతనిదని గుర్తించిరి.

అతని సమాధివలెనే అతడు చూచిన గనుల జాడయు మాసిపోయెను. బ్రెజిలు వజ్రములు వచ్చిన తరువాత మన గనులు క్రమముగా పాడుపడెను. రావల్కొండ యెక్కడ? గని కొల్లూరు ఏది? విదేశీయుని చేతిలో వికృతమైన ఆ పేర్లను చూచి, అట్టి తావులే లేవేమో అని శంకించుటకు సైతము వీలుండెను. ఆ చిక్కును విప్పినవాడు వాలెంటైన్ బాల్ అను ఐర్లండువాడు. అతడు 1864 మొదలు 1881 వఱకు భారత భూగర్భ పరిశోధన శాఖలో పనిచేసి, మన దేశపు బొగ్గు, బంగారము, వజ్రముల గనులను కాలినడకను తిరిగి చూచినవాడు. అతడు టావెర్నియరు గ్రంథమును 1889లో ఆంగ్లమున ప్రకటించెను. అంతకు ముందు టావెర్నియరు వ్రాసిన మజిలీల దూరములను ఒక్కొక్కటిగా పటములపై కొలిచి చూచెను. ఒకనాడు నింద పొందిన వర్తకుని లెక్కలు పెక్కు చోట్ల సరిపోయినవి. రావల్కొండ యనగా కర్నూలు సీమలోని రామళ్ళకోట. గని కొల్లూరు గుంటూరు సీమలో కృష్ణ యొడ్డున నున్న కొల్లూరు. ఫ్రెంచివాడు ఊరి పేరని తలచిన ‘గని’ అను మాట తెలుగువారి నోట నేటికిని ఉన్న గని యే!

రామళ్ళకోట నేడు చిన్న గ్రామము. దాని చుట్టుపట్ల పాత గుంతల జాడలు కనిపించును. కర్నూలు, అనంతపురము జిల్లాలలోని చేలలో తొలకరి వానలు పడినప్పుడు జనులు నేటికిని వంగి నేలపై వజ్రములకై వెదకుచుందురు. కొల్లూరు గతి వేఱు. పులిచింతల వద్ద కృష్ణకు అడ్డముగా కట్టిన జలాశయమునకై ఆ గ్రామమువారిని తరలించిరి. ఒకప్పుడు వేలమంది మట్టి మోసిన ఆ గని ఇప్పుడు సంవత్సరములో అధికకాలము నీటి యడుగున నుండును.